లింబాద్రి మంచం కింది సీసాలు

రువైస్,
4-5-1983

ప్రభువునందు ప్రియమైన లీలక్కకు, తమ్ముడు కృపాకర్ సాష్టాంగపడి, నుదురు నేలకానించి, కన్నీరు కార్చుతూ (కన్నీరు నిజమే, ఉల్లిపాయలు తరుగుతూ రాస్తున్నాను) చేసుకొను క్షమాపణ ఏమనగా:

ఈ ఉత్తరంలో ఇకముందు రాయబోయే ప్రతి అక్షరానికీ నన్ను క్షమించు. ముప్పై ఏళ్లు సండే స్కూలు నడిపి సొంత కొడుకును మాత్రం నడపలేకపోయిన నాన్నను క్షమించు. తెనాలి కాలేజీలో నాకు రసాయనశాస్త్రం చెప్పిన మాస్టార్లను క్షమించు. వాళ్లు అంత బాగా చెప్పకపోతే ఈస్టు పంచదారను ఏం చేస్తుందో నాకు తెలిసేదే కాదు. ఇందరిని క్షమించాక నా వంతు వచ్చేసరికి క్షమాపణ అయిపోతుందేమో. ఫరవాలేదు. నేను ఏమీ చేయలేదు.

విషయం ఏమిటంటే, మందు చుక్క దొరికితే వీసా పోయే ఈ క్యాంపులో, మా గదిలో బీరు ఉంది. కొన్నది కాదు. పులియబెట్టింది.

మార్చిలో ఒక ఇంగ్లీషు ఇంజనీరు స్వదేశం వెళ్లిపోతూ, ఒక పెద్ద ప్లాస్టిక్ బకెట్టూ, డబ్బాడు మాల్టు పాకమూ, ఈస్టు పొట్లాలూ, రేకుమూతలూ, ఆ మూతలు సీసాలకు బిగించే చేతి మరా తెచ్చి, పారేయమని స్టోరులో ఇచ్చిపోయాడు. స్టోరు గుమస్తా దేన్నీ పారేయడు. అది మా వృత్తిధర్మం. పైగా వాటితో పాటు ఒక చిన్న పుస్తకం కూడా ఉంది. చదువుకున్నవాడికి పుస్తకం ఇస్తే ఊరుకుంటాడా?

నా గదిలో ఉండే లింబాద్రన్న గురించి లోగడ రాశాను. మెట్‌పల్లి దగ్గర గౌడుల ఇంటివాడు. పన్నెండో ఏట తాటిచెట్టు ఎక్కాడు. ఇక్కడికొచ్చి క్రేను కింద జెండా ఊపే ఖలాసీ అయ్యాడు. చెట్టు మీంచి లోకాన్ని చూసినవాణ్ణి నేల మీద నిలబెడితే ఎలా ఉంటుంది? నాలుగేళ్లు తల పైకెత్తి ఆ క్రేను గదిని చూస్తూ, డ్రైవర్ల దగ్గర కొంచెం కొంచెం నేర్చుకున్నాడు. ఈ నెల ముప్పైన అబుదాబిలో అతనికి క్రేను లైసెన్సు పరీక్ష. అందులో మొదటిది కంటి పరీక్ష. దరఖాస్తు నేనే టైపు చేశాను. నువ్వు అక్కడి ఆస్పత్రి కళ్ల వార్డులోనే నర్సువి గనక ఆ రోజు అతన్ని కాస్త క్యూలో ముందుకు తోయించమని ఈ ఉత్తరంలోని సిసలైన మనవి.

మళ్లీ బీరు దగ్గరికి వస్తాను. మూత బిగించే ముందు సీసాకు అరచెంచా పంచదార పడాలని పుస్తకం చెప్పింది. దానివల్లే గ్యాసు పుట్టి నురుగొస్తుంది. ముప్పై మూడు సీసాలకు లెక్కకట్టి, అంతా ఒకేసారి బకెట్లో కలిపేసి నేను డ్యూటీకి పోయాను. సీసాల్లోకి పోసి మూతలు బిగించడం లింబాద్రన్న వంతు. ఆయన ఒక గుక్క రుచి చూశాడట. కల్లు పుట్టుక తెలిసినవాడు కదా, మొహం చిట్లించాడట. "నురుగు లేదు, పానం లేదు, గిదేం కల్లు తమ్మీ" అని సాయంత్రం నాకు చెప్పాడు. చెప్పి ఊరుకోలేదు. అప్పటికే సీసాకొక నిండు చెంచా పంచదార వేసి, బకెట్టు అడుగు మడ్డి కూడా తలా కాస్త పోసి, గట్టిగా బిగించేశాడు.

వాళ్ల నాన్న కుండ లోపల సున్నం రాస్తే కల్లు తియ్యగా నిలిచేదట. రాయకపోతే పొంగి చెట్టంతా కారేదట. ఎంత పొంగినా కుండ పగలడం మాత్రం లింబాద్రన్న పుట్టాక చూడలేదు. ఎలా చూస్తాడు? కుండకు మూత ఉండదు. ఈ చిన్న తేడా పోయిన శుక్రవారం మధ్యాహ్నం, సరిగ్గా ముద్ద నోట్లో పెట్టుకోబోతుండగా మా ఇద్దరికీ ఒకేసారి తెలిసింది.

గ్యాసు సిలిండరు పేలిందనుకున్నాను. లింబాద్రన్న మంచం కింద ఒక సీసా లేదు. దాని మెడ గది అవతలి మూల ఉంది. ఒక పెంకు నా రేకుపెట్టెలోకి సగం దిగి ఉంది. పక్క గదివాళ్లు తలుపు కొడితే పచ్చడి జాడీ పగిలిందని చెప్పి, వాసన మీద వాసన వేయడానికి గబగబా ఎండుచేపలు వేయించాను. మన ఎండుచేపల ముందు ఏ బీరూ నిలవదని రుజువైంది.

ముప్పై రెండు ఉన్నాయి. గదిలో మిగతా ఇద్దరూ వేరే సైటుకు పోయారు గనక చూసేవాళ్లు లేరు. ఏం చేయమంటావు? ఎవరికీ ఏమీ కాలేదు. కేవలం జ్ఞానదాహంతో అడుగుతున్నాను.

నీ విధేయుడైన తమ్ముడు,
కృపాకర్, బి.ఎస్సీ.


అబుదాబి,
6-5-1983

ఒరేయ్ కృపా,

నీ ఉత్తరం మీ కంపెనీ బస్సు డ్రైవరు నూర్ మొహమ్మద్ గురువారం సాయంత్రం మా హాస్టలు గేటు దగ్గర ఇచ్చాడు. చదివి నవ్వాను. నవ్వినందుకు నా మీద నాకే కోపం వచ్చింది.

నువ్వు పుస్తకం చదివినవాడివి. అతను చదవలేదు. పంచదార బకెట్లో ముందే కలిపావని డ్యూటీకి పోయేముందు అతనికి చెప్పావా? ఆ ముక్క నీ ఉత్తరంలో ఎక్కడా లేదు. మూడుసార్లు వెతికాను.

మా వార్డుకి పోయిన నెల కల్బా నుంచి ఒక కొట్టు మనిషి వచ్చాడు. ఎండలో పెట్టిన సోడా సీసా చేతిలోకి తీసుకున్నాడు, అతను చేసింది అంతే. అతని గురించి ఇంతకంటే రాయను. రాస్తే నువ్వు దాని మీద కూడా ఏదో ఒక చమత్కారం చేస్తావు.

ఆ సీసాలను ఈ వారంలోనే లేకుండా చేయండి. తాగడానికి కాదు, పారబోయడానికి. నీకు ఈ ఉద్యోగం ఇప్పించిన మా డాక్టరుగారి ముందు నిలబడి, మా తమ్ముడు నెమ్మదస్తుడు, నేను పూచీ అని చెప్పాను. ఆ మాట అబద్ధమైతే ఈ దేశంలో నా మాట మళ్లీ ఎవరూ వినరు. అది జ్ఞాపకం పెట్టుకో.

లింబాద్రి గారిని ముప్పైన పొద్దున్నే ఏడింటికల్లా వచ్చి నన్ను అడగమను. క్యూ సంగతి నేను చూసుకుంటాను.

అక్క,
లీలాకుమారి


రువైస్,
18-5-1983

ప్రియమైన లీలక్కకు, ఒక వారం ఆలస్యంగా వందనములు.

ఆలస్యానికి కారణం భయం కాదు, పరిశోధన. చెప్పలేదు అక్కా. పంచదార కలిపానని అతనికి చెప్పలేదు. అయితే చెప్పకపోవడం అనేది చేయడం కిందికి రాదని నా వాదన. నేను డ్యూటీకి పోయాను. డ్యూటీకి పోవడం ఏ దేశంలోనూ నేరం కాదు.

మరో రెండు పోయాయి. ముప్పై మిగిలాయి. ఒకటి మొన్న తెల్లారి నేను పళ్లు తోముకుంటుండగా, ఇంకొకటి దాని పక్కనే, అన్నను చూసి తమ్ముడు ఏడ్చినట్టు వెంటనే. ఈసారి గోనెపట్టాలు కప్పి ఉంచాం గనక పెంకులు బయటికి రాలేదు. గోనె మాత్రం కోడి గీకినట్టయింది. ఎండుచేపలు అయిపోతున్నాయి. పక్క గదివాళ్లు, మీవైపు రోజూ చేపలే తింటారా అని అడుగుతున్నారు.

మిగిలినవాటి మూతలు చూస్తే నీకు బాగుండదు. రేకు నడిమికి ఉబ్బి, చిన్నపిల్లల బొడ్డులా పైకొచ్చింది. చెవి దగ్గర పెడితే (లింబాద్రన్న పెట్టాడు, నేను కాదు) సన్నగా సుయ్యిమంటుందట. మేం గదిలో చెప్పులు వేసుకోవడం మానేశాం. తలుపు చప్పుడు కాకుండా మూస్తాం. మాటలు కూడా నెమ్మదిగా. లింబాద్రన్న తుమ్ము వస్తే బయటికి పోయి తుమ్మి వస్తున్నాడు. మా వరసలో ఉన్న మలయాళీ నన్ను పక్కకు పిలిచి, ఇంటి దగ్గర నుంచి ఏదైనా చెడ్డ వార్త వచ్చిందా అని పరామర్శించాడు. రాబోతుందన్నాను. పాపం, ఇంకా రానిదానికి ముందే నా భుజం తట్టాడు.

అవి ఇప్పటికీ లింబాద్రన్న మంచం కిందే ఉన్నాయి. ఏసీ గాలి నేరుగా తగిలేది అక్కడే. ఆయన వాటి మీదే పడుకుంటున్నాడు. నా మంచం కిందికి మార్చుదామా అని మర్యాదకు అడిగాను. అడిగిన తరువాత ఒక నిమిషం ఊపిరి పీల్చలేదు. అక్కర్లేదన్నాడు. తన చేతి కల్లు తన కిందే ఉండాలట.

పారబోద్దామంటే ఒప్పుకోవడం లేదు. క్రేను పరీక్ష పాసై వచ్చిన రోజు తెరుద్దామంటాడు. నాలుగేళ్లుగా కింద నిలబడినవాడు పైన కూర్చోబోతున్నాడు, ఆ రోజు మంచినీళ్లు తాగుతామా అంటాడు. నిజం చెప్పాలంటే నేనూ గట్టిగా అడగలేదు. ముప్పై సీసాలు గేటు దాటించలేం. కదిలిస్తే పేలుతాయేమో తెలియదు. కదిలించకపోతే పేలుతాయని తెలుసు.

ఇక అసలు సంగతి. ఈ పొద్దున ముదీర్ గారు (మా క్యాంపు మేనేజరును ఇక్కడ అందరూ అలాగే అంటారు) నాకొక నోటీసు టైపు చేయమని ఇచ్చారు. ఆరు కాపీలు తీసి, ఆరింటినీ నా చేత్తోనే గోడలకు అంటించాను. అక్కా, దాని సారాంశం ఇది: జనరేటరు మరమ్మతు నిమిత్తం మే నెల ఇరవై ఏడవ తేదీ శుక్రవారం ఉదయం ఎనిమిది గంటల నుంచి సాయంత్రం నాలుగు గంటల వరకు క్యాంపులో కరెంటు ఉండదు.

ఏసీ ఉండదు. పోయిన ఏడాది ఇలాగే పోయినప్పుడు స్టోరు గోడ మీద ఉష్ణమాపకం నలభై ఏడు చూపించింది. ఉబ్బిన మూతలకు నలభై ఏడు డిగ్రీలు ఇస్తే ఏమవుతుందో లెక్క కట్టడం నాకు వచ్చు. కట్టాను. నీకు రాయను.

మతి ఉన్నంతవరకు నీ తమ్ముడు,
కృపాకర్


అబుదాబి,
20-5-1983

కృపా,

ఇందులో నవ్వేది ఏమీ లేదు. నేను చెప్పింది చెప్పినట్టు చేయండి.

శుక్రవారం దాకా ఆగొద్దు. మెస్సులో మంచు అడిగి, పెద్ద పెట్టెలో సీసాలను పూర్తిగా ముంచి, కనీసం నాలుగు గంటలు ఉంచాలి. చల్లబడితే గ్యాసు అణుగుతుంది. తరువాత ఒక్కొక్కటే తీయాలి. తడి గోనె చుట్టాలి, మెడ తప్ప ఏమీ కనబడకూడదు. మూతను ఒక్కసారి ఊడబీకొద్దు. కొంచెం లేపి, సుయ్యిమన్నంతసేపు ఆగి, మళ్లీ కొంచెం. చేతులకు తోలు గ్లౌజులు.

మొహానికి గ్రైండింగ్ పనివాళ్లు పెట్టుకునే తెల్ల అద్దం ముసుగు. అది పెట్టుకోకుండా ఎవరూ ఆ పెట్టె దగ్గరికి పోకూడదు. నువ్వు స్టోరు గుమస్తావి. మీ దగ్గర ఉంటాయి. రెండు తీసుకో.

లింబాద్రి గారికి చదివి వినిపించు. పది రోజుల్లో కంటి పరీక్ష ఉన్న మనిషి.

అక్క


రువైస్,
26-5-1983, గురువారం మధ్యాహ్నం

అక్కా,

బస్సు కదిలేలోపు రాస్తున్నాను. అన్నీ సిద్ధం. నీ ఉత్తరం లింబాద్రన్నకు చదివి వినిపించాను. ఇంతకాలం నా మాట వినని మనిషి, సిస్టరమ్మ చెప్పిందంటే వెంటనే ఒప్పుకున్నాడు. మెస్సులో చేపల మంచు తెచ్చాడు. పొద్దుటి నుంచి ముప్పై సీసాలూ మా బాత్రూములో పెట్టెలో చలికి ముడుచుకుని కూర్చున్నాయి. నూటికి నూరుపాళ్లు శాంతం. నాలుగింటికి మొదలుపెడతాం. రేపు కరెంటు పోతే మేం చెమట తప్ప దేనికీ భయపడనక్కర్లేదు.

ముసుగుల విషయంలో నీ ఆజ్ఞను కొంచెం సవరించాను. తెల్ల అద్దం ముసుగులు స్టోరులో పన్నెండు ఉన్నాయి. కానీ ఒకటి బయటికి పోవాలంటే రిజిస్టరులో 'ఏ పని నిమిత్తం' అన్న గడి నింపి నేను సంతకం చేయాలి. ఆ గడిలో ఏమని రాయను? అందుకని లింబాద్రన్న తనకు తెలిసిన వెల్డరు దగ్గర ఒక ముసుగు అడిగి తెచ్చుకున్నాడు. వెల్డింగుది గనక అద్దం నల్లగా ఉంటుంది, అంతే తేడా. మూతలు తీసేది ఆయనే కాబట్టి ఒకటి చాలు. నేను తలుపు దగ్గర నిలబడి లెక్కపెడతాను. బి.ఎస్సీ. చదివినందుకు ఆమాత్రం చేయాలి.

నువ్వు ఇది చదివేసరికి పని అయిపోయి ఉంటుంది.

కృపాకర్


రువైస్,
1-6-1983

అక్కకు,

నీకు అన్నీ తెలిసే ఉంటాయి. అతన్ని తెచ్చింది మీ వార్డుకే కదా. అయినా నా వైపు నుంచి రాయడం ధర్మం గనక రాస్తున్నాను.

ఇరవై రెండు సీసాలు సవ్యంగా వచ్చాయి. ప్రతిదీ బుస కొట్టి, తెల్లగా పొంగి, మోరీలోకి పోయింది. పోయినప్పుడల్లా లింబాద్రన్న ముసుగులోంచి దాని మీద ఒక జాలిమాట అనేవాడు. పది దాటాక ఇద్దరం నవ్వుకున్నాం కూడా. కానీ నల్లద్దంలోంచి ఏమీ కనబడదు అక్కా. వెల్డింగు మంట ఉంటేనే అందులో చూపు. మిగతా అప్పుడు అది గోడ. మూత ఎక్కడుందో తెలియక ఆయన ప్రతిసారీ ముసుగు కాస్త లేపి, చూసి, మళ్లీ దించుకుంటున్నాడు. లేపడం, దించడం. ఇరవై రెండుసార్లు.

ఇరవై మూడోది పెట్టెలోంచి తీసి వెలుగుకు పట్టుకున్నాడు. అడుగున ఒక గీత ఉన్నట్టుంది. "తమ్మీ, దూరం జరుగు" అన్నాడు. నేను జరిగాను. నాకు అంతవరకే తెలుసు.

చప్పుడు విని అందరూ వచ్చారు. ఈసారి చేపలు వేయించే వ్యవధి లేదు. మిగిలిన ఏడింటినీ క్యాంపువాళ్లు పెట్టెతో సహా ఎడారిలోకి తీసుకుపోయి పాతిపెట్టారట.

మందుల గదిలో కాంపౌండరు అతని రెండు కళ్లకూ కట్టు కట్టాడు. ఒక కంటికి దెబ్బ తగిలితే రెండోది కూడా కదలకూడదట, నీకు తెలిసే ఉంటుంది. ముదీర్ గారు వచ్చారు. ఆయనకు ఇంగ్లీషు తప్ప రాదు. లింబాద్రన్నకు ఇంగ్లీషు రాదు. మధ్యలో నన్ను నిలబెట్టారు. సీసాల మీద కప్పిన గోనెపట్టాలు ఎవరి మంచం కింద దొరికాయో అప్పటికే అందరూ చూశారు గనక దాని మీద విచారణ ఏమీ లేదు. నన్ను ఎవరూ అనుమానించలేదు. జేబులో రెండు పెన్నులు ఉన్నవాణ్ణి ఎవరూ అనుమానించరు. ముదీర్ గారు ఒకటే ప్రశ్న అడగమన్నారు: ఈ పనిలో నీతో ఇంకెవరైనా ఉన్నారా?

నేను వంగి అడిగాను. లింబాద్రన్న లేదన్నట్టు తల ఊపాడు. గదిలో ఆరుగురు చూశారు.

అంత గొప్ప మనిషి అక్కా. కళ్లకు కట్టుతో, రక్తంలో ఉండి కూడా నన్ను కాపాడాడు. ఆ తలకాయ ఊపుకు నేను జన్మంతా రుణపడి ఉంటాను. ముదీర్ గారు కూడా దయగల మనిషి. పోలీసుల దాకా పోనివ్వనన్నారు. వీసా కేన్సిల్ చేసి, ఆస్పత్రి నుంచి నేరుగా ఇంటికి పంపేస్తారు. ఆ కాగితం టైపు చేసింది నేనే. క్రేను పరీక్ష దరఖాస్తు కూడా వెనక్కి తీసుకున్నట్టు ఒక వాక్యం అందులోనే కలపమన్నారు. కలిపాను.

నీ పూచీకి మాట రాలేదు. నీ డాక్టరుగారికి తెలియదు. అది నీకు తెలియాలని రాశాను.

కన్ను ఎలా ఉంది?

కృపాకర్


అబుదాబి,
3-6-1983

కృపా,

ఎడమ కన్ను తీసేశారు. కుడి కన్ను బాగానే ఉంది.

ఆ గురువారం సాయంత్రం నూర్ మొహమ్మద్ ముందు నీ ఉత్తరం తెచ్చి ఇచ్చాడు. 'చదివేసరికి పని అయిపోయి ఉంటుంది' అన్న చోట ఉన్నాను. కిందనుంచి పిలుపు వచ్చింది, రువైస్ అంబులెన్సు అని. మెట్లు దిగుతూ ఏం ప్రార్థన చేశానో నీకు చెప్పనా? అది నువ్వు కాకూడదని. నువ్వు కాదు. స్ట్రెచరు మీద వేరే ఇంటి మనిషిని చూసి నాకు ప్రాణం కుదుటపడింది. అందుకు నేను ఎవరి ముందు క్షమాపణ చెప్పుకోవాలో తెలియడం లేదు.

వారం రోజులుగా అతనికి కట్టు మారుస్తున్నది నేనే. నీ అక్కనని తెలిసిన దగ్గర నుంచి నీ గురించే మాట్లాడతాడు. నువ్వు అతని భార్య సాయవ్వకు రాసిపెట్టే ఉత్తరాలు ఊళ్లో అందరూ చదివించుకుంటారట. అంత బాగా రాస్తావట. కేన్సిల్ సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు. కన్ను మానేదాకా ఇంటికి పంపుతున్నారని, మళ్లీ వచ్చి పరీక్ష రాస్తానని అనుకుంటున్నాడు. నిన్న నన్ను అడిగాడు: "సిస్టరమ్మా, క్రేనుకు ఒక్క కన్ను సాలదా? చెట్టెక్కనీకె ఒక్కటి సాలు." నేను ట్రే తీసుకుని బయటికి వచ్చేశాను.

నీ ఉత్తరం చదివాక ఈ పొద్దున అతని దగ్గర కూర్చుని, అందరి ముందు మా తమ్ముణ్ణి బయటపెట్టకుండా కాపాడారు, మీ మేలు మరిచిపోం అన్నాను. అతనికి అర్థం కాలేదు. ముదీర్ అడిగినప్పుడు ఎవరూ లేరని చెప్పారు కదా అన్నాను.

కృపా, అతను అన్నది అన్నట్టు రాస్తున్నాను. "సాబు నన్నేమడగలె సిస్టరమ్మా. అడిగితె ఇద్దరం చేసినమని చెప్తుంటి. తమ్మి సదువుకున్నోడు, తమ్మి ఉన్నడంటె ఇద్దర్నీ ఇడిసిపెడ్తుండె. సాబు ఆనితోనే ఇంగిలీసుల మాట్లాడి పోయిండు. అంతమందిల నన్ను అర్సుకున్నది, ఎట్లున్నదని అడిగింది తమ్మి ఒక్కడే."

నూర్ మొహమ్మద్‌ను అడిగాను. పోయిన ఏడాది మీ పక్క క్యాంపులో ముగ్గురు ఇలాగే దొరికితే, అందులో ఒకడు ఆఫీసు మనిషి గనక ముగ్గురికీ హెచ్చరిక కాగితం ఇచ్చి వదిలేశారట. ఆఫీసు కాగితాలు టైపు చేసేవాడివి, ఈ సంగతి నీకు తెలియకపోదు.

మంగళవారం అతని విమానం. ఆ లోపల ముదీర్‌కు చెప్పవలసింది నీ దగ్గర ఏమైనా ఉంటే వెళ్లి చెప్పు. నా పూచీ సంగతి నువ్వు చూడనక్కర్లేదు. పోతే పోనీ.

లీలాకుమారి


రువైస్,
8-6-1983

అక్కా,

నీ ఉత్తరం శనివారం పొద్దున అందింది. ఇది బుధవారం. మధ్యలో మంగళవారం ఉంది. విమానం వెళ్లిపోయింది.

ముదీర్ గారి గది నా బల్లకు పదకొండు అడుగుల దూరం. శనివారం ఒకసారి లేచాను. ఆదివారం తలుపు దాకా పోయాను, లోపల ఎవరో ఉన్నారు. సోమవారం ఎవరూ లేరు. లోపలికి వెళ్లాను కూడా. ఏమిటన్నట్టు తలెత్తి చూశారు. స్టోరులో టైపు రిబ్బన్లు అయిపోయాయి, తెప్పించాలి అన్నాను. వెంటనే సంతకం పెట్టారు. కొత్త రిబ్బన్లు వచ్చాయి. ఈ ఉత్తరం మాత్రం చేత్తోనే రాస్తున్నాను.

లింబాద్రన్న మంచానికి కొత్త మనిషిని ఇచ్చారు. సామాను నేనే సర్ది పంపాను. గదిలో ఇప్పుడు చెప్పులు వేసుకుని తిరగవచ్చు, తలుపు ధన్‌మని వేసుకోవచ్చు. ఎందుకో నాకు అలవాటు పోవడం లేదు.

నెలరోజులుగా నేను ఏమీ చేయలేదని నీకు రాస్తూ వచ్చాను. చాలావరకు అది నిజమే. పంచదార సంగతి చెప్పలేదు. పారబోద్దామని గట్టిగా అనలేదు. రిజిస్టరులో గడి నింపలేదు. దూరం జరగమంటే జరిగాను. ఇవన్నీ చేయకపోవడాలే. వీటికి నువ్వు వేసే శిక్ష ఏదైనా పడతాను. నాన్నకు రాస్తానన్నా రాయి. కానీ ఒకటి మాత్రం చేశాను. నోరు తెరిచి, నా ఇష్టప్రకారం, తెలిసి చేశాను. ఆయన నీకు అబద్ధం చెప్పలేదు. ఆయనకు జరిగినంతవరకు ఆయన చెప్పాడు.

మందుల గదిలో ఆరుగురున్నారు, మా ఇద్దరికి తప్ప ఎవరికీ తెలుగు రాదు. ఆయన కళ్లకు కట్టు ఉంది. ముదీర్ గారు, నీతో ఇంకెవరైనా ఉన్నారా అని అడగమన్నారు. ఆయన ఏం చెబుతాడో నాకు తెలుసు. ఇద్దరం అంటాడు. దాచడం ఆ మనిషికి రాదు. కాకపోతే నాలుగేళ్లలో ఒక్కసారి కూడా నొప్పి అని ఒప్పుకున్న మనిషి కాదు. చెయ్యి నలిగినా లేదనేవాడు, జ్వరం కాస్తున్నా లేదనేవాడు. అది కూడా నాకు తెలుసు.

నేను ఆయన చెవి దగ్గరికి వంగి, తెలుగులో, ఎంతో ఆదరంగా అడిగాను: "అన్నా, బాగా నొస్తున్నదా?"

లేదని తల ఊపాడు.